దాగలి పాతిన చోటు

మా తరఫు ఆడిటరు రాసిన ఉత్తరం మూడు పేజీలు. బొంబాయిలో విమానం ఎక్కే ముందు ఒకసారి చదివాను. షార్జాకు వచ్చాక ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ప్రతిసారీ ఆగిపోయేవాణ్ణి. దానపత్రం రాసిన తేదీకీ మరణించిన తేదీకీ మధ్య రెండేళ్లకు నలభై ఒక్క రోజులు తక్కువ ఉన్నాయని ఆ వాక్యం.

ఆ నలభై ఒక్క రోజులు ఎక్కడికి పోయాయో నాకొక్కడికే తెలుసు.

మా తమ్ముడు హన్మంతు 1983 ఏప్రిల్ తొమ్మిదిన చనిపోయాడు. నలభై ఆరేళ్లు. షార్జాలో తన వర్క్‌షాపులోనే, పని చేస్తూ నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. గుండె అన్నారు. పెట్టెలో ఊరికి వచ్చాడు. మెట్‌పల్లి దగ్గర మా ఊళ్లో కర్మలన్నీ అయ్యాక మరదలు చంద్రవ్వా, వాళ్ల కొడుకు ఆశన్నా తిరిగి షార్జాకు బయల్దేరారు. నేనూ వాళ్లతో వచ్చాను. నేను బడిపంతుల్ని. వేసవి సెలవులు. విజిట్ వీసా నెల రోజులు. జూన్ పదమూడున బడి తెరుస్తారు.

మాది కమ్మరి ఇల్లు. నాన్న నన్ను బడికి పంపాడు, తమ్ముణ్ణి కొలిమి దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. ఇద్దరికీ ఒకే చదువు చెప్పించే స్తోమత లేదు. తమ్ముడు ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. 1975లో వెల్డర్‌గా షార్జాకు వచ్చాడు. మూడేళ్లు క్యాంపులో ఉన్నాడు. తర్వాత ఒక స్థానికుడి పేరు మీద లైసెన్సు తీసి చిన్న వర్క్‌షాపు పెట్టాడు. కూలీల క్యాంపులకు ఇనుప మంచాలు చేయడం దాని పని. ఒకదాని మీద ఒకటి, రెండంతస్తుల మంచాలు. షార్జా బయట సజ్జా ఎడారిలో గ్యాస్ పడ్డాక అటు క్యాంపులు లేచాయి, వర్క్‌షాపు పెరిగింది. ఇక్కడి చట్టం ప్రకారం నూటికి యాభై ఒకటి కఫీలుది, అంటే లైసెన్సు ఎవరి పేరున ఉందో ఆ స్థానికుడిది. మిగతా నలభై తొమ్మిదీ తమ్ముడిది. రెండేళ్ల కింద ఆ వాటానంతా కొడుకు పేరున దానంగా రాశాడు. ఆశన్న పద్దెనిమిదో ఏట నుంచీ తండ్రి పక్కనే పనిచేస్తున్నాడు.

ఈ దేశంలో పన్ను లేదు. చనిపోయినవాడి వాటా మీద పన్ను అనేది మన దేశంలో ఉంది. ఎస్టేట్ డ్యూటీ అంటారు. ఆశన్న దానికి సావు పన్ను అని పేరు పెట్టాడు. ఆడిటరు రాసింది ఇది. మన దేశం మనిషి, మన దేశాన్నే తన చోటుగా పెట్టుకున్నవాడు చనిపోతే, బయటి దేశంలో అతనికున్న వాటా మీద కూడా సుంకం పడుతుంది. ముందే దానం ఇచ్చేసినా, ఇచ్చిన తర్వాత రెండేళ్లు బతికి ఉండాలి. బతకకపోతే ఆ దానం లెక్కలోకి రాదు. చనిపోయేనాటికి అంతా అతని చేతిలోనే ఉన్నట్టు చూస్తారు. రెండేళ్లు నిండి ఉంటే ఈ ఉత్తరమే రాసే పని ఉండేది కాదని కూడా రాశాడు.

1981 ఫిబ్రవరి చివర తమ్ముడు నాకు ఉత్తరం రాశాడు. కాగితాలు తయారయ్యాయి, మార్చిలో సంతకం పెడతాను, మంచి రోజు చూసి చెప్పు అన్నాడు. మా ఇంట్లో పంచాంగం చూసేది నేనే. బడిలో గ్రహణం ఎలా పడుతుందో పిల్లలకు బంతులు పెట్టి చూపిస్తాను. ఇంటికొచ్చి పంచాంగం తీస్తాను. రెండూ ఒకే చేతులు. శుక్ర మూఢం వస్తోంది, మూఢంలో కొడుక్కి ఏదీ ఇవ్వకూడదు, వెళ్లాక పెట్టు అని జవాబు రాశాను. తమ్ముడు ఆగాడు. మూఢం వెళ్లింది. మే ఇరవైన సంతకం పెట్టాడు.

ఈ సంగతి చంద్రవ్వకు తెలియదు. ఆశన్నకు తెలియదు. నేను రాసిన కార్డు తమ్ముడు ఎక్కడ పెట్టాడో నాకు తెలియదు. ఫ్లాట్‌లో ఏ సొరుగు తెరిచిన చప్పుడు విన్నా నా చెవి అటే పోయేది.

షార్జా బజారు వీధుల్లో, రోలా అనే చోట, వాళ్ల ఫ్లాట్ మూడో అంతస్తులో ఉంది. రెండు గదులు. ఏసీ మోత. నేను కూర్చోలేకపోయేవాణ్ణి. కూర్చుంటే లేచేవాణ్ణి, లేస్తే కిటికీ దగ్గరికి, కిటికీ దగ్గర నుంచి తలుపు దగ్గరికి. ఎండ తగ్గకముందే కిందికి దిగి బట్టల దుకాణాల వెంట నడిచేవాణ్ణి. ఏమీ కొనకుండా ఒకే వీధిలో నాలుగుసార్లు తిరిగే మనిషిని చూసి దుకాణాల వాళ్లు పిలవడం మానేశారు.

ఆడిటరు ఒక దారి చూపించాడు. తమ్ముడు షార్జానే తన శాశ్వత స్థలంగా చేసుకున్నాడని, తిరిగి వెళ్లే ఉద్దేశం లేదని రుజువైతే, ఇక్కడి వాటా మన చట్టం చేతికి రాదు. ఎన్నేళ్లు ఉన్నాడన్నది చాలదు. ఎక్కడ చివరిదాకా ఉండిపోవాలనుకున్నాడో అది కావాలి. ఒక పన్నుకు మనిషి ఏడాదిలో ఎన్ని రోజులు ఎక్కడున్నాడో చూస్తారు. ఈ పన్నుకు అతని మనసు ఎక్కడుందో చూస్తారు. శవాన్ని ఊరికి తేవడం మన కేసుకు మంచిది కాలేదు అని కూడా రాశాడు. ఆ మాట రాయడానికి అతను కొంచెం వెనకాడి ఉంటాడనే అనుకుంటాను.

భార్యా కొడుకూ ఇచ్చే వాంగ్మూలానికి బలం తక్కువ. వాటా వాళ్లది. అన్న, ప్రభుత్వ ఉపాధ్యాయుడు, పైసా లాభం లేనివాడు చెప్తే అధికారి వింటాడు. అందుకని నా సంతకం కావాలి. కాన్సులేట్‌లో ముద్ర వేయించాలి. రంజాను నెల వస్తోంది, వస్తే ఆఫీసులు ఒంటిపూటే పనిచేస్తాయి. నేనేమో రంజాను మొదలయ్యే ముందు రోజే బయల్దేరాలి.

సంతకం పెట్టకపోతే ఏమవుతుందో ఆశన్న నాకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. అడిగే సుంకానికి వాటాలో మూడో వంతన్నా అమ్మాలి. కఫీలు మూడో వంతు కొనడు. అమ్మితే అంతా అమ్ము, లేకుంటే మాట్లాడకు అని చెప్పేశాడు. జూలైలో లైసెన్సు కొత్తది చేయాలి, ఆలోగా తేల్చమన్నాడు. వాటా పోతే ఆశన్న వీసా పోతుంది, వాడితో తల్లిది పోతుంది. సామాను కట్టుకుని ఊరికి రావాలి.

ఊరికి రావాలి అన్న మాట దగ్గర నా మనసు ఏం చేసిందో కూడా రాయాలి. అది ఒక్కసారి అటు మొగ్గింది. మా పక్క ఇంట్లో మళ్లీ దీపం వెలుగుతుంది, తమ్ముడి కొడుకు నా కళ్ల ముందు తిరుగుతాడు అనుకుంది. తర్వాత ఎన్నిసార్లు నిజం గురించి ఆలోచించినా, అది నిజం కోసమా, వాళ్లను వెనక్కి రప్పించుకోవడం కోసమా అని నన్ను నేనే అనుమానించుకున్నాను.

జూన్ నాలుగున ఆశన్న నన్ను అర్జీలు టైపు చేసే నన్నే సాహెబ్ అనే ఆయన దగ్గరికి తీసుకెళ్లాడు. హైదరాబాదు మనిషి. రోలాలో మెట్ల కింద ఒక బల్ల, ఒక టైపు మిషను, గోడకు ఒక ఫ్యాను. తెలుగువాళ్ల అర్జీలన్నీ ఆయన దగ్గరే. ఆడిటరు పంపిన నమూనా ముందే టైపు చేసి పెట్టాడు. ఇంగ్లీషులో ఉంది. నేను చదువుతూ ఉంటే చాయ్ తెప్పించాడు.

నాలుగో పేరాలో ఉంది ఆ వాక్యం. మృతునికి భారతదేశానికి తిరిగి వచ్చి స్థిరపడే ఉద్దేశం ఏనాడూ లేదని నాకు స్వయంగా తెలుసు.

కలం తీశాను. మళ్లీ జేబులో పెట్టాను. ఇంటికి తీసుకెళ్లి నిదానంగా చదువుతానన్నాను.

నన్నే సాహెబ్ నవ్వాడు. "సాబ్, ఈ నాలుగో పేరా ఎవ్వల్ చదవరు. మొహర్ ఉన్నదా లేదా, గంతే చూస్తరు. ఏడేండ్ల సంది ఈ కుర్సీల కూసున్న. ఎంతమందిని ఇక్కడోళ్లను జేసిన, ఎంతమందిని అక్కడోళ్లను జేసిన."

నేను నవ్వలేకపోయాను. కాగితం మడిచి తీసుకున్నాను. దాన్ని పెట్టిన జేబులోనే ఇంకో కాగితం ఉంది.

అది తమ్ముడి ఆఖరి ఉత్తరం. ఫిబ్రవరిలో రాసింది. తమ్ముడు పోయేదాకా మూడుసార్లు చదివాను, పోయాక లెక్కపెట్టలేదు. అక్షరాలు పెద్దవిగా, వంకరగా, అతను చిన్నప్పుడు నా పలక మీద దిద్దిన అక్షరాలలాగే ఉంటాయి. అందులో ఇలా రాశాడు. "అన్నా, ఈ ఎండకాలం కాదు. వచ్చే ఎండకాలం కచ్చితం వచ్చేస్త. పోరనికి పని అప్పజెప్పిన. మన కొలిమికాడి గుంత పూడ్చకు. నేను వచ్చి మళ్ల వేస్త."

ఈ ఉత్తరం నా దగ్గర ఉందని ఎవరికీ చెప్పలేదు. నా దుఃఖంలో నేను పట్టుకుని నిలబడింది ఆ ఒక్క కాగితాన్నే. వచ్చేవాడు, రాలేకపోయాడు. అలా అనుకుంటే నిద్ర పట్టేది. ఇప్పుడు దానికి ఎదురుగా ఇంకో కాగితం మీద, ఏనాడూ రాదలచుకోలేదు, నాకు స్వయంగా తెలుసు అని సంతకం పెట్టాలి.

మూడు రోజులు గడిచాయి. ఆశన్న అడగలేదు. అన్నం తింటూ గోడ మీది క్యాలెండర్ చూసేవాడు. నాలుగో రోజు చేయి కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"పెద్దబాపు, పెడుతవా పెట్టవా. ఏదో ఒకటి చెప్పు. కఫీలుకు ఫోను చెయ్యాలె."

అబద్ధం మీద సంతకం ఎలా పెట్టను అని అడిగాను. నిజానికి అడగలేదు, గొణిగాను.

"ఏది అబద్ధం?" అన్నాడు వాడు. గొంతు పెంచలేదు. "బాపు ఇక్కడ ఎనిమిదేండ్లు ఉన్నడు. ఊరికి మూడుసార్లు వచ్చిండు. నీకు ఒకటో తారీకు జీతం వస్తది పెద్దబాపు. నిజం చెప్పుడు నీకు అల్కగనే ఉంటది. నేను నిజం చెప్పి ఏడికి పోవాలె?"

వంటింటి గడపలో నిలబడ్డ చంద్రవ్వ, పెద్దమనిషితో గట్ల మాట్లాడుతార అని కొడుకుని మందలించింది. కానీ ఆమె నా వైపు చూడలేదు.

ఆ మధ్యాహ్నం బస్సెక్కి ఒక్కణ్ణే వర్క్‌షాపుకు వెళ్లాను. అంతకు ముందు రెండుసార్లు వెళ్లాను గానీ, ముందున్న ఆఫీసు గదిలోనే కూర్చుని వచ్చాను. వెనక షెడ్డులోకి అడుగు పెట్టలేదు. తమ్ముడు పడిపోయింది అక్కడే.

ఆ రోజు కూడా గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఎండకు రేకులు టపటపమంటున్నాయి. గోడ పొడవునా మంచాలు నిలబెట్టి ఉన్నాయి. నీలం రంగు ఇంకా తడిగా ఉంది. ఆర్మూరు వైపు భీమయ్య అని పాతపనివాడు, తమ్ముడికంటే రెండేళ్లు పెద్ద, నన్ను చూసి వెల్డింగు ముసుగు పైకి తీశాడు.

"రాండ్రి సారూ. మంచం కావాల్నా? మేం చేసినయాటి మీద మేమే పంటం. రాత్రి కిర్రుకిర్రుమంటె ఎవన్ని తిట్టాల్నో సమజ్ కాదు." తర్వాత ముఖంలో నవ్వు తగ్గించుకుని, లోపలికి రమ్మని చేయి చూపించాడు. "భయపడకుండ్రి. జాగ అంత కడిగినం."

లోపలికి వెళ్లాను. చివరన, ఏ యంత్రమూ లేని మూల ఒకటి ఉంది. అక్కడ నాన్న దాగలి ఉంది.

మా నాన్న ఇనుము కాల్చి, దేని మీద పెట్టి సమ్మెటతో కొట్టేవాడో ఆ దాగలి. ఒక మూల విరిగిన చెవి. నా చిన్నప్పుడు నేను ఎక్కి కూర్చుంటే నాన్న నా చెవి పిండాడు. 1980లో తమ్ముడు ఊరికి వచ్చినప్పుడు దీన్ని తీసుకెళ్తానన్నాడు. అక్కడ దొరికేవి మోగవన్నా, పని కోసమే, పీపా మీద పెట్టి వాడుకుంట అన్నాడు. నేను సరేనన్నాను. కొలిమి కాడి గుంతలోంచి ఎత్తించి బొంబాయి దాకా లారీలో పంపాను.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. దాగలిని ఊరికే నేల మీద పెట్టరు. తుమ్మ మొద్దులో దిగేసి, మొద్దును భూమిలో పాతుతారు. కింద నవధాన్యాలు, పాత కొలిమి బూడిద గుప్పెడు. అలా పాతిన చోటే ఆ మనిషికి ఇల్లు. పాతినవాడు బతికుండగా మళ్లీ ఎత్తరు. పని కోసమే అయితే ఎక్కడన్నా పెట్టుకోవచ్చు. పాతడం వేరు. మా తాత కోరుట్ల నుంచి మా ఊరికి మారినప్పుడు, భూమీ ఇల్లూ అన్నీ కుదిరినా, దాగలి పాతేదాకా ఏడాది పాటు మేం కోరుట్ల వాళ్లమనే చెప్పుకున్నాడట.

ఇక్కడ పీపా లేదు. సిమెంటు గచ్చు పగలగొట్టి ఉంది. మధ్యలో మొద్దు. మొద్దు చుట్టూ మట్టి. మొద్దు మీద దాగలి. దాని చెంపకు పాత కుంకుమ నల్లబడి అతుక్కుని ఉంది.

"ఎప్పుడు పాతిండు?" అని అడిగాను.

ఎనభైల దసరాకు అన్నాడు భీమయ్య. గచ్చు పగలగొట్టినందుకు కఫీలు మనిషి వచ్చి లొల్లి చేశాడని, హన్మంతు పని ఆపకుండా తవ్వుతూనే ఉన్నాడని, ఆ మొద్దు కోసం పది రోజులు తిరిగాడని చెప్పాడు. బూడిద చిన్న డబ్బాలో ఊరి నుంచే వచ్చిందట. ఊరి నుంచి అంటే మా కొలిమి నుంచి. నేను చూస్తుండగానే తీసి ఉంటాడు. నేను చూడలేదు.

భీమయ్య పక్కనున్న సుత్తి తీసి దాగలిని ఒకసారి తట్టాడు. ఆ చప్పుడు నాకు తెలుసు. నేను బయటికి వచ్చేశాను.

ఆ రోజు బస్సు ఎక్కలేదు. రోలా దాకా నడిచాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. చొక్కా తడిసి ఆరి, మళ్లీ తడిసింది. ఒక్కటే లెక్క తిరుగుతోంది. 1980 దసరాకు పాతాడు. ఆ తర్వాత నాకు వచ్చిన ప్రతి ఉత్తరంలోనూ వచ్చే ఎండకాలం అని ఉంది. పాతినవాడు ఎత్తుకుని రాడు. ఎత్తుకుని రానివాడు గుంత పూడ్చవద్దని ఎందుకు రాశాడు? నాకోసమా? బడిలో నలభైమంది పిల్లల అబద్ధాలు ముఖం చూసి పట్టే నేను, ఈ చేతిరాతలో ఏది నిజమో చెప్పలేకపోయాను.

ఇంటికి వచ్చేసరికి ఆశన్న లేడు. చంద్రవ్వ మంచినీళ్లు ఇచ్చింది. నేను తాగి, గ్లాసు కింద పెట్టకుండా, మూఢం సంగతి చెప్పాను. అలా ఎందుకు మొదలుపెట్టానో తెలియదు. మార్చిలో పెట్టాల్సిన సంతకం నేనే ఆపానని, నేను ఆపకపోతే రెండేళ్లు నిండి ఉండేవని, ఈ తిప్పలన్నీ నా పంచాంగం వల్ల వచ్చినవేనని చెప్పాను.

 నేను రాసిన కార్డు తన పెట్టెలోనే ఉందని ఆమె చెప్పింది. చదవడం రాదు గానీ అందులో ఏముందో ఆయన చెప్పాడంది. అన్న ఆగుమన్నడు, ఆగుతం అన్నాడట. నేను ఆ కార్డు కోసం సొరుగుల చప్పుడు వింటూ గడిపిన రోజులు ఆమె చూస్తూనే ఉందని అప్పుడు తెలిసింది. కొడుక్కి చెప్పలేదంది. చెప్పేది లేదంది.

జేబులోంచి ఉత్తరం తీశాను. ఆమెకు చదివి వినిపించాను. పోరనికి పని అప్పజెప్పిన అన్న దగ్గర ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుంత పూడ్చకు అన్న మాట కూడా చదివి, పూర్తి చేశాను.

"మరి నాతోనైతే ఈన్నే ఉందాం అన్నడు" అంది ఆమె. "దాగలి పాతిన రాత్రి అన్నడు. ఇగ ఎటు పోయేది లేదు చంద్రీ అన్నడు. నీకేమో వస్త అని రాసిండు. ఇద్దరం నమ్మినం. ఎవలికి అబద్ధం చెప్పిండో నువ్వే తేల్చు బావా, సదువుకున్నోనివి."

నేను తేల్చలేనని చెప్పాను.

"నేను తేల్చ" అంది. "రెండు మాటలు ఆయనయే. ఒకటి కాదన్న అంటె ఆయనను సగం కాదన్నట్టే." గ్లాసు నా చేతిలోంచి తీసుకుంటూ అంది. "సంతకం పెట్టు బావా. గుంత మాత్రం పూడ్చకు."

మర్నాడు పొద్దున్నే నన్నే సాహెబ్ దగ్గరికి వెళ్లాను. ఆశన్న నా వెనకే వచ్చాడు. నాలుగో పేరా తీసేయమన్నాను. నన్నే సాహెబ్ మిషను మీద నుంచి చేతులు తీశాడు. అదే తీసేస్తే మిగిలేది ఏముంది సాబ్, సర్‌నామా, సంతకం అన్నాడు. దాని బదులు నేను చెప్పింది కొట్టమన్నాను. నేను తెలుగులో చెప్తూ వెళ్లాను, మెల్లగా ఇంగ్లీషులోకి మారుస్తూ వెళ్లాను, ఒక్కో మాటకూ ఆగుతూ.

నేను చెప్పింది ఇది. మాది కమ్మరి వంశం. మా వంశంలో దాగలిని పాతిన చోటే మనిషి స్థిరనివాసం. పాతినవాడు బతికి ఉండగా దాన్ని ఎత్తరు. మా తండ్రి దాగలిని నేనే మా ఇంటి నుంచి ఎత్తించి పంపాను. 1980 విజయదశమినాడు నా తమ్ముడు దాన్ని షార్జాలో తన వర్క్‌షాపు భూమిలో, మా ఇంటి కొలిమి బూడిద వేసి, విధిప్రకారం పాతాడు. 1983 జూన్ ఎనిమిదిన నేను దాన్ని నా కళ్లతో చూశాను. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆశన్న గోడకు ఆనుకుని వింటున్నాడు. బూడిద దగ్గర తల వంచుకున్నాడు. ఆ డబ్బా మోసింది తానేనని తర్వాత చెప్పాడు.

చివర మామూలుగా ఉండే వాక్యం ఉంది. పైన చెప్పినవన్నీ నిజమనీ, నేను ఏదీ దాచలేదనీ. మొదటి సగం ఉంచి, రెండో సగం తీసేయమన్నాను.

"అది అన్నిట్ల ఉంటది సాబ్" అన్నాడు నన్నే సాహెబ్.

ఇందులో ఉండదన్నాను. ఆయన నా ముఖం ఒకసారి చూశాడు. ఇంకేమీ అడగకుండా కాగితం మార్చి మళ్లీ మొదటి నుంచి కొట్టాడు. డబ్బు మాత్రం ఒక్క కాగితానికే తీసుకున్నాడు.

ఆ కాగితంలో ఒక్క అబద్ధం లేదు. ఉత్తరం సంగతీ లేదు. ఈ రెండూ నేనే చేశాను. కాన్సులేట్‌లో గుమాస్తా ముద్ర వేసే ముందు, దీనితో జతచేసే ఉత్తరాలు, పత్రాలు ఏమన్నా ఉన్నాయా అని అడిగాడు. చొక్కా జేబులో కాగితం చెమటకు ఒంటికి అతుక్కుని ఉంది. లేవన్నాను. ఆయన అడిగింది నేను జతచేసేవి ఉన్నాయా అనే, కానీ నేను ఆ సందు వెతుక్కుని జవాబు చెప్పలేదు. లేవని చెప్పాను, అంతే.

బయటికి వచ్చాక ఆశన్న టాక్సీ ఆపాడు. ఎక్కేముందు, మొన్న అన్న మాటకు ఏమీ అనుకోవద్దన్నాడు. నేను వాడి భుజం మీద చేయి వేసి, మూఢం సంగతి నేనే చెప్పాను. చంద్రవ్వ దాచినా, వాడు నా దగ్గర వినాలనిపించింది.  రోలా వచ్చాక, దిగుతూ అన్నాడు.

"బాపు ఉంటె నవ్వేటోడు. అన్న జెప్పిండు గదా, నష్టం వచ్చినా మంచిదే అనేటోడు." తర్వాత తలుపు పట్టుకుని నిలబడి, "నాకు ఇప్పుడే నవ్వు రాదు పెద్దబాపు. జర టైం పడతది" అన్నాడు.

అది న్యాయమే అన్నాను.

జూన్ పదకొండున బయల్దేరాను. పదమూడున బడి తెరిచాం. రోజులు గడిచాయి గానీ నాకు కాలు నిలవడం మాత్రం కుదరలేదు. పాఠం చెప్తూ కిటికీ దగ్గరికి వెళ్లేవాణ్ణి, పోస్టుమాన్ సైకిలు గంట వినబడితే నల్లబల్ల మీద మాట సగంలో ఆపేవాణ్ణి. అధికారి ఇంకేమన్నా అడుగుతాడేమో, ఉత్తరాలున్నాయా అని సూటిగా రాస్తాడేమో అని అక్టోబరు దాకా, అక్టోబరు దాటి సంక్రాంతి సెలవుల దాకా ఎదురుచూశాను. అడిగితే ఇచ్చేసేవాణ్ణని అనుకుంటాను. అడగలేదు.

1984 ఫిబ్రవరిలో ఉత్తర్వు నకలు వచ్చింది. ఒకటిన్నర పేజీ. మృతుడు మరణించేనాటికి షార్జాలో స్థిరనివాసి అని, అక్కడి వాటా మీద సుంకం విధించడం లేదని ఉంది. అన్న ఇచ్చిన వాంగ్మూలాన్ని విశ్వసించడమైనది అని ఉంది. ఆశన్న లైసెన్సు అంతకు ముందే కఫీలును బతిమాలి ఏడాదికి కొత్తది చేయించుకున్నాడు. ఇప్పుడు ఇంకో షెడ్డు వేస్తున్నాడట. తల్లి బాగుందట. వాడి ఉత్తరం చివర, దాగలికి దసరాకు కుంకుమ పెట్టినం అని రాశాడు.

ఉత్తర్వును, తమ్ముడి ఉత్తరాన్ని ఒకే కవరులో పెట్టాను. ఊళ్లో ఎవరన్నా హన్మంతు వచ్చేవాడే కదా, పాపం అంటే, అవునంటాను. నా చేత్తో రాసి ఇచ్చింది గుర్తుకొస్తుంది. అయినా అవునంటాను.

ఈసారి వానలు ముందే పడ్డాయి. కొలిమి కాడి గుంత నిండింది. బడికి వెళ్లే ముందు బకెట్టుతో నీళ్లు తోడి బయట పోశాను. అంచులు కొంచెం విరిగిపడుతున్నాయి. చుట్టూ నాలుగు రాళ్లు పేర్చాలి.